ఏడు డబ్బాల నూనె

ఆమదాలవలస బజారులో జగన్నాధం గారిని ఎరగని వాళ్లు లేరు. కొట్లో తూయించుకున్న బెల్లాన్ని ఇంటికి తెచ్చి మళ్లీ తూచుకునే మనిషి ఆయన. పాలలో నీళ్లు, పప్పులో రాళ్లు, బస్తాలో మోసం, ఎక్కడ ఏది ఉన్నా ఆయన ముక్కుకి తెలిసిపోతుంది. లేని చోట కూడా అప్పుడప్పుడు తెలిసిపోతుంది. చిక్కంతా అక్కడే.

అంతటి మనిషీ పద్దెనిమిదేళ్లుగా ఒక్కడి మీద మాత్రం అనుమానపడలేదు. ఆ ఒక్కడు నూకయ్య. రైలు పట్టాల పక్కన జగన్నాధం గారి నాన్న పెట్టిన తవుడు నూనె ఫ్యాక్టరీలో నూకయ్య పెద్ద ఆపరేటరు. వాల్వులు తిప్పేదీ, నూనె ట్యాంకు తాళంచెవి మొలతాడుకి కట్టుకు తిరిగేదీ అతనే. "నూకయ్య ఉన్నాడు గదా" అనుకుని జగన్నాధం గారు మధ్యాహ్నం పూట కునుకు తీసేవారు. ఆయన కళ్లు వాల్చారంటేనే అది ఎంత నమ్మకమో ఊరికి అర్థమయ్యేది.

హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లిన మూడేళ్లకి, డిసెంబరులో ఒక మంగళవారం పొద్దున ఆ నమ్మకం కాస్తా తెగింది. జగన్నాధం గారు నూనె ట్యాంకు మీదెక్కి, కొలకర్ర దించి, పైకి తీసి, గుడ్డతో తుడిచి, చుట్టూ ఉన్న పాతికమంది పనివాళ్లనీ ఒకసారి చూశారు. తర్వాత నూకయ్యను చూశారు.

"ఒరే నూకయ్యా, పది టన్నుల తవుడుకి నూట అయిదు డబ్బాల నూనె రావాల. మా నాయిన కాలం నుంచి అంతే వస్తన్నాది. ఈ రెండు నెల్లుగా తొంభై ఎనిమిది దాటట్లేదు. రోజుకి ఏడు డబ్బాలు ఎక్కడికెల్తన్నాయిరా?"

"నాకూ అంతు సిక్కట్లేదు బాబూ. సూస్తన్నాను."

"తవుడులో నూనె తక్కువున్నాదేటంటే లేదని లేబొరేటరీ కాయితం సెప్తన్నాది. పిప్పిలో ఉండిపోతన్నాదేటంటే లేదనీ అదే కాయితం సెప్తన్నాది. ఇనప కుండలు నూనె తాగవు గదా? మరి తాళంచెవి ఎవుడి దగ్గిరున్నాది?"

నూకయ్య మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ట్యాంకు మూత మీద పెట్టాడు. పద్దెనిమిదేళ్లుగా అక్కడ వేలాడిన బరువు పోయేసరికి నడుము ఖాళీగా అనిపించింది. ఆ చెవిని జగన్నాధం గారు జేబులో వేసుకున్నారు.

"శనివారం రామతీర్థం ఎల్దాం. కొండెక్కి, రాముడి ముందర కర్పూరం ఎలిగించి, సేత్తో ఆర్పి ప్రమాణం సెయ్యి. తియ్యలేదని దేవుడి ముందర అన్నావంటే నాను నమ్ముతాను. అక్కడితో సరి."

ప్రమాణం చెయ్యడానికి నూకయ్యకు ఏం భయం? తియ్యనివాడి చెయ్యి కర్పూరానికి జంకదు. కానీ ప్రమాణానికి పిలిచారన్న కబురే చాలు, మనిషి పేరు సగం పోయినట్టే. ఆ కబురు పది గంటల రైలు కంటే ముందే బజారు చేరింది. నూకయ్య పెళ్లాం కూర్మమ్మ రైల్వే గేటు దగ్గర చేపలు అమ్ముతుంది. ఆ మధ్యాహ్నం తట్టలో సగం చేపలు మిగిలుండగానే ఇంటికి వచ్చేసింది.

"'మీ ఆయన్ని రామతీర్థం తీసుకెల్తన్నారట' అని ఒకత్తి, 'ఎన్ని డబ్బాలేటే' అని ఇంకొకత్తి," అంది తట్ట దించుతూ. "నువ్వు ప్రమాణం సేస్తే, దొంగ కాబట్టే సేసినాడంటారు. సెయ్యకపోతే, దొంగ కాబట్టే సెయ్యలేదంటారు. నీకు నచ్చింది సెయ్యి. నాను మాత్రం ఆ బజార్లో మరి తట్ట దించలేను."

కూర్మమ్మ ఏడిచే మనిషి కాదు. అందుకే ఆ మాట నూకయ్యకు మరింత గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున అతను కుండల దగ్గర తలొంచుకుని పని చేసుకుంటుంటే భారతి వచ్చింది. భారతి అంటే ఫ్యాక్టరీకి కొత్తగా వచ్చిన కెమిస్టు. విజయనగరం పిల్ల, కెమికల్ ఇంజనీరింగు చదివింది. రోజూ పాసింజరు బండెక్కి వచ్చి, పోతుంది. చేరి మూడు నెలలైంది. మనిషి సన్నగా, మాట నెమ్మదిగా ఉండటంతో లేబొరేటరీ గదిలో ఒకమ్మాయి ఉందన్న సంగతే చాలామంది మరిచిపోయేవారు.

"బాబాయ్, ఆ కాయితం మీద సంతకం నాది," అంది. "నిన్న అందరి ముందు నిన్ను అన్న మాట నా కాయితం పట్టుకునే అన్నారు. రాత్రి నాకు అన్నం సయించలేదు."

"నీ తప్పేటుందమ్మా. ఉన్నదే రాసినావు."

"ఉన్నదే రాశానా అన్నదే నా అనుమానం. నువ్వు తియ్యలేదు. ఇనుము తాగలేదు. అయితే ఆ నూనె పిప్పిలోనే ఉండాలి. లేదని నా కాయితం అంటోంది. అంటే నా కాయితమే తప్పు."

నూకయ్య పని ఆపి తలెత్తి చూశాడు. అంతకుముందు ఆ ఫ్యాక్టరీకి ముగ్గురు కెమిస్టులు వచ్చి వెళ్లారు. వాళ్లలో ఏ ఒక్కరూ తన కాయితం తప్పు కావచ్చని పొరపాటున కూడా అనలేదు. అన్నిటికీ మించి, 'నువ్వు తియ్యలేదు' అన్న మాటని ఆ అమ్మాయి ఋజువు అడక్కుండా లెక్కలో మొదటి అంకెలా వేసేసుకుంది. నూకయ్యకు కళ్లు చెమర్చాయి. నూనె కరిగించే సాల్వెంటు ఘాటు అన్నట్టు భుజం మీది తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"ఈ కుండల సంగతి నీ నోటితో చెప్పు బాబాయ్. పుస్తకంలో ఉన్నది నాకు తెలుసు. ఇక్కడ జరిగేది వినాలి."

అక్కడ వరసగా నాలుగు పెద్ద ఇనప కుండలు ఉంటాయి. ఒక్కొక్కటి మనిషిన్నర ఎత్తు. తవుడు కుండలో పోసిన చోటే ఉంటుంది, కదిలేది సాల్వెంటు. తవుడులోని నూనెను కరిగించుకుని దిగే ఆ ద్రవాన్ని పనివాళ్లు రసం అంటారు. అన్నిటికంటే ఎక్కువసార్లు కడిగిన కుండలో తేట సాల్వెంటు పోస్తారు. అందులోంచి దిగిన పలచటి రసాన్ని దానికంటే తక్కువ కడిగిన కుండలోకి, అక్కడి నుంచి ఇంకా తక్కువ కడిగిన దాంట్లోకి పంపుతారు. చివరికి అప్పుడే పోసిన తాజా తవుడులోంచి దిగేసరికి రసం చిక్కగా, నూనెతో నిండి, సాల్వెంటుని ఎగరగొట్టి నూనె మిగిల్చే బట్టీకి పోతుంది. నాలుగు కడుగుళ్లూ అయిపోయిన కుండకి ఆవిరి పట్టి, సాల్వెంటు ఎగరగొట్టి, మిగిలిన పిప్పిని కింది తలుపు తీసి లాగేస్తారు.

"నాను పనిలో సేరిన్నాడు మా బాబు నాయిన, పెద్దబాబు గారు, ఇదంతా సెప్పి, అర్థమైందేటిరా అన్నారు," అన్నాడు నూకయ్య. "అయింది బాబూ, మా అమ్మ ఉప్పుసేప ఇలాగే కడుగుతాదన్నాను. మా ఊళ్లో మంచినీల్లు కరువమ్మా. ఉప్పుసేపకి ఉప్పు వదలాలంటే మూడు కుండలెట్టేది. ఆఖరి కుండకే మంచినీల్లు. అందులో కడిగిన నీల్లు మజ్జి కుండకి, ఆటితోనే మొదటి కుండ. కడివెడు నీల్లతో తట్టెడు సేపలు కడిగీసేది."

భారతి ముఖం వెలిగిపోయింది. "మీ అమ్మగారు చేసినదాన్నే మాకు నాలుగో ఏడాదిలో చెప్పారు బాబాయ్. చాలా కష్టమైన పాఠం అది."

"మా అమ్మకి కష్టమల్లా నీల్లు మొయ్యడమే," అన్నాడు నూకయ్య. మంగళవారం నుంచి అతను నవ్వింది అదే మొదటిసారి. నిజానికి అతను ఆ చేపల ఊరు వదిలి వచ్చిన కారణం కూడా నవ్వులాటే. పడవెక్కితే కడుపులో తిప్పే జాలరి ఎక్కడైనా ఉంటాడా అంటే, ఉన్నాడు, నూకయ్యే.

అంతలో గేటు దగ్గర గోల మొదలైంది. దాలమ్మ వచ్చింది. రెండు గేదెలు ఉన్న దాలమ్మ నాలుగు రోజులకోసారి వచ్చి ఒక బస్తా పిప్పి కొనుక్కుపోతుంది. ఆవిడ నోట్లో పడ్డ కబురు సాయంత్రానికి ఊరంతా తిరిగి, మర్నాటికి పక్క ఊరు చేరుతుంది. నూకయ్యను దొంగ అన్న కబురును రైలు కంటే ముందు బజారుకు చేర్చింది కూడా ఆవిడేనని వేరే చెప్పక్కర్లేదు.

"నాకు మీద పిప్పి వొద్దు, అడుగు పిప్పి ఎయ్యండర్రా!" అని అరుస్తోంది. "మీద పిప్పి ఎడితే గేదె మూతి తిప్పేసుకుంటన్నాది. అడుగుదెడితే పాలు మీగడ కడతన్నాయి. దీపావళి నుంచీ నాను అడుగుదే పట్టుకెల్తన్నాను, సెప్తే ఇనరేటి?"

నూకయ్యకు అది అలవాటైన గోల. కానీ భారతి చేతిలో కలం ఆగిపోయింది.

"బాబాయ్, నాకు పరీక్షకి పిప్పి ఎక్కడ నుంచి తీస్తున్నారు?"

"మీద మూత తీసి, పొడుగు గరిటెతో. కింది తలుపు కాలిపోతా ఉంటాది గదా. ఎప్పటినుంచో అంతే."

"రసం కిందికి దిగుతుంది. పైన ఉన్న పిప్పి అన్నిటికంటే ముందు ఆరిపోతుంది. అడుగున ఏముందో ఈ ఫ్యాక్టరీలో చూసింది ఎవరు?" అని, తనే జవాబు చెప్పుకుంది. "దాలమ్మ గారి గేదె!"

ఆ మధ్యాహ్నం కింది తలుపు తీసినప్పుడు భారతి అక్కడే నిలబడింది. సెగకి చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని, కుండ పైనుంచి ఒకటి, నడుమ నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి, మూడు సంచుల్లో పిప్పి పట్టింది. సాయంత్రం తన బండి వెళ్లిపోతున్నా కదల్లేదు. పైదానిలో నూటికి ఒకటిలో మూడోవంతు నూనె కూడా లేదు. నడుమ దానిలో ఒకటిన్నర. అడుగుదానిలో రెండున్నర దాటింది.

గురువారం పొద్దున ఆమె ఒక సుద్దముక్క పట్టుకుని కుండల ముందు సిమెంటు నేల మీద చతికిలబడింది. నూకయ్య ఎదురుగా గొంతుకూర్చున్నాడు. నూనె ఎక్కడుందో తెలిసింది, కానీ ఎందుకు ఉందో తెలియకపోతే జగన్నాధం గారి దగ్గర ఆ మాట నిలవదు. నీ చేతకానితనం వల్ల ఉండిపోయింది అంటారు. అదీ మచ్చే.

"చూడు బాబాయ్. కుండలో మూడు పాళ్లు సాల్వెంటు పోస్తున్నాం. తవుడు పిండి ఎప్పుడూ ఒక పాలు రసం పట్టుకునే ఉంటుంది, పోసినంతా కిందికి దిగుతుంది అనుకుందాం. అంటే ఒకటి ఉంటే మూడు దిగుతోంది. మూడు మూళ్లు ఎంత?"

"తొమ్మిది."

"ఇంకో మూడు."

"ఇరవయ్యేడు. తరవాత ఎనభయ్యొకటి. ఆ తరవాత రొండు వొందల నలభయిమూడు." చేపల లెక్కల్లో పెరిగిన నోరు అది, తడుముకోలేదు.

"అందులో ఒకటి తీసేస్తే రెండొందల నలభై రెండు. అటు మూడులో ఒకటి తీస్తే రెండు. మొత్తం నూనెని రెండొందల నలభై రెండు వాటాలు చేస్తే, పిప్పిలో పోయేవి రెండంటే రెండు వాటాలు. నూటికి ఒకటి కూడా పోదు. పెద్దబాబు గారి నాటి నూట అయిదు డబ్బాలు అలా వచ్చినవే."

నాలుగు కుండలకి అయిదుసార్లు హెచ్చవేయడం ఎందుకో నూకయ్యకు తెలియలేదు. అడగనూ లేదు. నూనె పోయిన దారిని నేల మీద గీస్తున్న ఆ వేళ్లనే చూస్తున్నాడు. పద్దెనిమిదేళ్లు ఆ కుండల పక్కన బతికిన తనకి కూడా కుండల లోపల ఏం జరుగుతుందో కనపడలేదు. ఇనప గోడ అవతల ఉన్నదాన్ని ఈ పిల్ల ఇవతల కూర్చుని చూసేస్తోంది.

"ఇప్పుడు తిరగేసి చేద్దాం," అంది భారతి. "ఏడు డబ్బాలు పోతున్నాయి. అంత పోవాలంటే పిండి ఎంత రసం పట్టుకుని ఉండాలి? రాత్రి చివరి బండిలో కూర్చుని ఇదే చేశాను. ఒకటికి మూడు కాదు, ఒకటికి ఒకటిన్నరే దిగుతోంది. ఒకటిన్నరని అయిదుసార్లు హెచ్చవేస్తే ఏడున్నర దాకా వస్తుంది, అంతే. అందులో ఒకటి తీస్తే ఆరున్నర, అటు ఒకటిన్నరలో ఒకటి తీస్తే అర. ఆరున్నరలో అర, అంటే నూటికి ఏడున్నర వంతులు పిప్పిలోకి పోతాయి. సరిగ్గా మన ఏడు డబ్బాల తేడా." సుద్దముక్క కింద పెట్టింది. "పిండి ఇదివరకు ఒక పాలు పట్టుకునేది. ఇప్పుడు రెండు పాళ్లు పట్టుకుంటోంది. అదీ దీపావళి నుంచి. నా లెక్క ఇంతవరకే వస్తుంది బాబాయ్. ఎందుకు పట్టుకుంటోందో నువ్వే చెప్పాలి."

నూకయ్య లేచాడు. కుండలో పొయ్యడానికి సిద్ధంగా ఉన్న తవుడు గుట్ట దగ్గరికి వెళ్లి గుప్పెడు తీసి పిడికిలి బిగించాడు. విప్పాడు. తవుడు ముద్ద కట్టి అరచేతిలో అలాగే నిలబడింది. రెండు నెలలుగా పారకి పిప్పి అంటుకుంటోందని అతనికి తెలుసు. ఆవిరి తడి అనుకుని వదిలేశాడు.

"ఊక లేదమ్మా," అన్నాడు మెల్లగా.

"ఏంటి?"

"ఇదివరకు మిల్లోళ్లు తవుడులో ఊక కలిపి పంపీవోరు. బరువు కోసం. దొంగ పనే. కానీ ఆ ఊక ఉంటే గుప్పెడు బిగిస్తే జారిపోయీది, ఇలాగ ముద్ద కట్టీది కాదు. ఊక సందుల్లోంచి రసం దిగిపోయీది. దీపావళికి మా బాబు జల్లెడ మిసనెట్టించినారు గదా. ఊకంతా ఏరి బయట పారేయించి, సుద్ధమైన తవుడే పోయిస్తన్నారు. సుద్ధమైన తవుడు మెత్తగా కరుసుకుపోతన్నాది. రసం ఎక్కడ నుంచి దిగుతాది?"

భారతి ఆ తవుడు ముద్దని తన చేతిలోకి తీసుకుని ఎంతోసేపు చూసింది. "బాబాయ్, నేను రాత్రంతా కూర్చున్నా ఇది నాకు దొరికేది కాదు," అంది.

మిల్లులవాళ్ల మోసం పట్టేశానని దీపావళి నుంచి ఊరంతా చెప్పుకున్న పెద్దమనిషికి, మీ జల్లెడే మీ నూనె తాగేస్తోందని ఎవరు చెప్తారు? భారతే చెప్పింది. జగన్నాధం గారు కుర్చీలోంచి లేచిపోయారు.

"సుద్ధమైన తవుడులో నూనె తగ్గుతాది, ఊక కలిపితే పెరుగుతాది? రేపు పాలల్లో నీల్లు కలిపితే ఎన్న పెరుగుతాదంటావు! ఆడు నీకేటి సెప్పినాడు? ఇద్దరూ కూడబలుక్కున్నారేటి?"

నూకయ్య గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటున్నాడు. తన మీద పడ్డ బురద ఆ పిల్ల మీద కూడా పడింది. వద్దులే అమ్మా, ప్రమాణమే చేసేస్తాను అందామని నోరు తెరిచాడు. ఈలోగా భారతి బల్ల మీద ఉన్న కాయితం ముక్క తీసుకుని ఏదో రాసి, కవరులో పెట్టి, అంటించి, ఆయన ముందు పెట్టింది.

"రేపు ఒక్క రోజు ఊక కలిపి నడిపిస్తాం సార్. ఎన్ని డబ్బాలు వస్తాయో ఇందులో రాశాను. ట్యాంకు తాళం మీ దగ్గరే ఉంది, కొలకర్రా మీ దగ్గరే ఉంది. ఎల్లుండి పొద్దున మీరు కొలిచాక విప్పి చూడండి. తప్పితే బాబాయితో పాటు నేనూ రామతీర్థం వచ్చి కర్పూరం ఆర్పుతాను. ఉద్యోగం కూడా అక్కడే వదిలేస్తాను."

గొంతు పెంచలేదు. కవరు అంచుని మాత్రం ఇంకోసారి వేలితో నొక్కి చూసుకుంది. అది నూకయ్య చూశాడు. భయం లేక అన్న మాట కాదది, భయపడుతూనే అంది. అలాంటి మనిషిని అతను ఎక్కువమందిని చూడలేదు. జగన్నాధం గారు కవరును వెలుతురుకి పట్టి చూసి, ఏమీ కనిపించక, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నారు.

శుక్రవారం పొద్దున బాయిలరు పక్కన పారబోసిన ఊకని బుట్టలతో మోయించారు. ఎంత కలపాలి అని అడిగాడు నూకయ్య.

"ఒకటికి మూడు దిగాలని నా లెక్క చెప్తుంది. దానికి ఎంత ఊక కావాలో చెప్పదు. అది నీ చెయ్యే చెప్పాలి," అంది భారతి.

నూకయ్య బుట్ట తరవాత బుట్ట పోయించి, కలియబెట్టించి, గుప్పెడు తీసి బిగించి చూశాడు. ముద్ద నిలబడింది. ఇంకో బుట్ట. ముద్ద పగిలింది గాని జారలేదు. ఇంకో రెండు. పులుసులో ఉప్పు చూసుకునే కూర్మమ్మలాగే ప్రతిసారీ తల అడ్డంగా ఊపుతూ వచ్చాడు. చివరికి పిడికిలి విప్పగానే తవుడు వేళ్ల సందుల్లోంచి గలగలా జారింది. "సాలు," అన్నాడు. ఆ తరవాత రోజంతా నాలుగు కుండల చుట్టూ తిరుగుతూ, రసం దిగే గొట్టం మీద అరచెయ్యి ఆనించి, ధార సన్నబడి చుక్కలయ్యేదాకా వాల్వు ముట్టుకోలేదు. జగన్నాధం గారు ట్యాంకు పక్కనే మడతమంచం వేయించుకుని మర్నాటి దాకా లేవలేదు. మధ్యాహ్నం కునుకు కూడా తియ్యలేదు.

శనివారం తెల్లారింది. పాతికమందీ వచ్చి ట్యాంకు చుట్టూ నిలబడ్డారు. ప్రమాణానికి బయల్దేరాలి కాబట్టి కూర్మమ్మ కూడా ఉతికిన చీర కట్టుకుని వచ్చి ఓ మూల నిలబడింది. దాలమ్మ పిప్పి బస్తా వంకతో వచ్చింది. జగన్నాధం గారు ట్యాంకెక్కి కొలకర్ర దించారు. తీసి చూశారు. తుడిచి మళ్లీ దించారు. మూడోసారి కూడా దించారు. తరవాత జేబులోంచి కవరు తీసి చింపారు. కళ్లజోడు సర్దుకుని ఆ కాయితాన్నీ, కొలకర్రనీ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

"నూట అయిదు, అటూ ఇటూ ఒకటి," అని చదివారు. "నూట అయిదున్నర ఉన్నాది."

పనివాళ్లు ఒక్కసారిగా కేకలు పెట్టారు. నూకయ్యకు కేకలేవీ వినపడలేదు. భారతి వైపు చూశాడు. ఆ అమ్మాయి గోడకి ఆనుకుని, అప్పుడే పరీక్ష రాసి బయటికి వచ్చిన పిల్లలా గట్టిగా ఊపిరి వదిలింది. ట్యాంకు లోపలి నూనెని రెండు రోజుల ముందే కాయితం మీద చూసిన పిల్ల! చెయ్యెత్తి దండం పెట్టాలనిపించింది అతనికి. పెట్టాడు కూడా. ఆమె కంగారుపడి ఆ చేతులు పట్టుకుని దించేసింది.

జగన్నాధం గారు మాత్రం ట్యాంకు దిగి కారు తీయించారు.

"పదండి, రామతీర్థం ఎల్దాం," అన్నారు.

నూకయ్య ఒకడుగు ముందుకి వేశాడు. "ఇంకా ప్రమాణం గావాలేటి బాబూ?"

"గావాల. కూర్మమ్మా, నువ్వెక్కు. భారతమ్మా, నువ్వూను. దాలమ్మా, బస్తా అక్కడెట్టి నువ్వూ ఎక్కు."

దాలమ్మ ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. కారెక్కమంటే కాదనడం దాలమ్మ పద్ధతి కాదు కాబట్టి ఆవిడ అందరికంటే ముందెక్కి కిటికీ పక్కన కూర్చుంది.

రెండు గంటల దారి. రామతీర్థంలో మెట్లెక్కుతుంటే కూర్మమ్మ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. పైకి చేరాక జగన్నాధం గారు గుడి ముందు ఒక తమలపాకు పరిచి, దాని మీద కర్పూరం బిళ్ల పెట్టి వెలిగించారు. ఎండలో మంట సరిగ్గా కనిపించలేదు గానీ వాసన గుప్పుమంది. నూకయ్య కళ్లు మూసుకుని కుడిచెయ్యి చాచాడు.

ఆ చేతిని జగన్నాధం గారు పక్కకి తోసేశారు. తన చెయ్యి మంట మీద పెట్టారు.

"సామీ, ఏడు డబ్బాల నూనె పోయినది నా జల్లెడ వల్ల. ఈ నూకయ్య సుక్క నూనె ముట్టుకోలేదు. పాతికమంది ముందర నాను ఆడిన మాట అబద్ధం. పద్దెనిమిదేళ్లు నా ఇంట్లో దీపంలాగున్న మనిసిని దొంగన్నాను. ఇది నా ప్రమాణం," అని అరచేత్తో అదిమి కర్పూరం ఆర్పేశారు. ఆ వెంటనే వెనక్కి తిరిగారు. "దాలమ్మా, ఇన్నావు గదా? ఆ మాట ఊళ్లో ఎంత దూరం మోసినావో, ఈ మాటా అంత దూరం మొయ్యి. ఒక్క గుమ్మం తగ్గినా నీకు పిప్పి ఉండదు."

అప్పుడర్థమైంది అందరికీ, దాలమ్మను కారెందుకు ఎక్కించారో. దాలమ్మ మాత్రం మొహం మాడ్చుకుంది. "మోస్తాన్లే బాబూ. అయితే ఇంక అడుగు పిప్పిలో నూనె ఉండదేటి? నా గేదె గతేటి?"

భారతి నవ్వు ఆపుకోలేక స్తంభం చాటుకి వెళ్లిపోయింది. నూకయ్యకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. జగన్నాధం గారి చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. అరచేతి నడుమ రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కమిలి ఉంది.

"కాలిపోనాది గదా బాబూ. నాను సేసుంటే కాలీది కాదు. మా సేతులు మొద్దుబారిపోయినాయి."

"నీ సెయ్యి కాలకూడదనేరా," అన్నారు జగన్నాధం గారు, ఎటో చూస్తూ. ఇంకో చేత్తో జేబులోంచి ట్యాంకు తాళంచెవి తీసి నూకయ్య గుప్పిట్లో పెట్టారు. నూకయ్య అక్కడే, దేవుడి ముందే, దాన్ని మొలతాడుకి కట్టుకున్నాడు.

సోమవారం పొద్దున భారతి పాసింజరు బండి దిగి రైల్వే గేటు దాటుతుంటే, రోడ్డు పక్కన జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో కూర్మమ్మ కూర్చుని ఉంది, ఎదురుగా తట్ట నిండా చేపలు. ఎవరో బేరం ఆడుతుంటే గొంతెత్తి తిడుతోంది. భారతిని చూడగానే లేచి, తట్టలోంచి అన్నిటికంటే పెద్ద చేపను ఏరి, ఆకులో చుట్టి, వద్దంటున్నా వినకుండా ఆమె సంచీలో పెట్టింది.